నా వంతు మాటలు

జూన్ 3

చలికాలంలో పట్టిన బొంగురు ఇంకా వదల్లేదు. అమ్మాయి ఫోన్లో నా గొంతు గుర్తుపట్టక, అమ్మకి ఇవ్వండి నాన్నా అంది. నేనేనే అన్నాను. తర్వాత ఏడుపు గొంతుతో, రేపే స్పెషలిస్టు దగ్గరికి వెళ్లి తీరాలంది.

ఆయనకి చెప్పాను. తల ఊపారు. అన్నిటికీ తలే ఊపుతారు. ఉద్యోగమంతా సినిమా హాల్లో, ప్రొజెక్టర్ గదిలో, ఒక్కరే. కింద జనం నవ్వుతుంటే, ఏడుస్తుంటే చిన్న కిటికీలోంచి చూడటమే పని. నేను బళ్లో లెక్కల టీచర్ని. పగలంతా పిల్లల మీద అరిచి, మిగిలింది ఇంటికి తెచ్చేదాన్ని. అద్దె ఇంటివాళ్లతో, ఆఫీసుల్లో, ఆఖరికి ఆయన అన్నదమ్ములతో కూడా మాట్లాడాల్సింది నేనే. నోట్లో నాలుక లేని మనిషని ఆయన్ని అందరూ అంటారు. అది కూడా నాకే ఇచ్చేశారని నేనంటాను.

జూన్ 11

బయాప్సీ రిపోర్టు వచ్చింది. అదే.

జూన్ 12, ఉదయం

నిన్న రాయలేకపోయాను. డాక్టరు చిన్న వయసు పిల్లే, పద్ధతిగా మాట్లాడింది. స్వరపేటిక మొత్తం తీసేయాలంది. రేడియేషన్‌తో సరిపెట్టే దశ దాటిపోయిందట. మెడ దగ్గర రంధ్రం పెడతారు, ఇక ఊపిరి అందులోంచే. మాట రాదు. ఏవో పరికరాలున్నాయట, అవి తర్వాత చూద్దామంది. చేయించుకోకపోతే ఏమవుతుందని అడిగాను. ఒక ఏడాది అనుకోండి, అదీ సుఖంగా గడవదు అంది.

ఆలోచించుకుని చెప్తానని అనబోయాను. నా గొంతు పెగిలేలోపే పక్కనుంచి ఎవరో అన్నారు.

"చేసేయండమ్మా."

ఆయనే. ఇన్నేళ్లలో నాకంటే ముందు నోరు తెరవడం అదే మొదలు.

జూన్ 14

ఆయనతో మాట్లాడటం లేదు. మిగిలిన నాలుగు మాటలూ మౌనంలో పోస్తున్నాను. తెలుసు. అయినా కోపం.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక్క అభిప్రాయం చెప్పమని ప్రాణం తీశాను. కర్టెన్ల రంగు అడిగితే నీ ఇష్టం. అమ్మాయిని ఏ కాలేజీలో చేర్పిద్దామంటే నీ ఇష్టం. తీరా ఒక్కటంటే ఒక్క అభిప్రాయం చెప్పారు, అది నా గొంతు కోయించడానికి.

జూన్ 19

అమ్మాయి వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టి, ఏదైనా మాట్లాడమ్మా, రికార్డు చేసుకుంటాను అంది. ఏం మాట్లాడను? పన్నెండో ఎక్కం అందుకున్నాను. సగంలో దగ్గొచ్చింది. ఆయన లేచి వరండాలోకి వెళ్లిపోయారు. చెప్పులు సర్దుతున్న చప్పుడు. ఉన్నవి రెండు జతలు, ఎంతసేపు సర్దుతారు?

జూన్ 22, సాయంత్రం

రేపు పొద్దున్నే ఆపరేషన్. ఆస్పత్రి మంచం పక్కన స్టూలు మీద ఆయన. ఏమైనా చెప్పాలనుంటే చెప్పమన్నారు. ఎన్నో ఉన్నాయి. మేడ మీద బట్టలు తీశారా అని అడిగాను. తీయలేదన్నారు. ఇక తిట్టాను. ఉన్న గొంతంతా పెట్టి తిట్టాను. పక్క బెడ్ ఆవిడ ఇటు తిరిగి చూసింది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని అంతా విన్నారు.

అప్పుడడిగాను, నన్ను అడక్కుండా డాక్టరుకి ఎందుకు చెప్పారని.

"నువ్వు వద్దంటావని." స్టూలు దగ్గరికి జరుపుకున్నారు. "నువ్వు వద్దన్నాక నేనెప్పుడు కాదన్నాను? అందుకే ముందే అనేశాను."

జూలై 1

ముక్కులో ట్యూబు. రాయడానికి ఓపిక లేదు.

జూలై 11

ఇంటికొచ్చాం. టీ ఊదుకుందామంటే నోట్లోంచి గాలి రాదు. వాసనలూ పోయాయి. స్టవ్ మీద పాలు మాడుతుంటే ఎదురుగానే కూర్చుని పేపరు చదువుతున్నాను. ఆయన పరిగెత్తుకొచ్చి కట్టేశారు. ఏమీ అనలేదు. అనని మనిషి ఒకరు, అనలేని మనిషి ఇంకొకరు. ఇంట్లో ఫ్యాను చప్పుడొక్కటే.

ఏడ్చినా చప్పుడు రాదు. ఆయన వంటింట్లో గిన్నెలు తోముతున్నంతసేపూ ఏడ్చాను. తెలియనే లేదు ఆయనకి.

అమ్మాయి రాసి చూపించడానికి ప్యాడ్ కొనిచ్చింది. తిట్టు కాగితం మీద రాసిస్తే ఆఫీసు నోటీసులా ఉంటుంది. పక్కన పడేశాను.

జూలై 20

నన్ను ఇలా బతికించినందుకు ఆయన మీద కోపం పోలేదు. పోతుందని కూడా అనిపించడం లేదు.

జూలై 28

ప్లంబర్ వచ్చాడు. సింకు కింద పైపంతా విప్పేసి, మిగతాది రేపు చూస్తానని లేచాడు. ఆయన సరేనని తల ఊపబోయారు. నేను వెనకనుంచి గోడ మీద అరచేత్తో కొట్టాను. ఆయన వెనక్కి తిరిగి నా మొహం చూశారు, ఏదో చదువుతున్నట్టు. మళ్లీ అతని వైపు తిరిగారు.

"రేపటిదాకా గిన్నెలెక్కడ తోముకోవాలి మేం? బిగించాకే గుమ్మం దాటు."

అతను కూర్చుని బిగించాడు. పని అయ్యేదాకా ఆయన తలుపు చెక్క పట్టుకునే నిలబడ్డారు.

ఆగస్టు 6

తడి తువ్వాలు మంచం మీద పడేశారు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ఆయన నన్ను చూసి, అచ్చం నాలాగే సాగదీసి, "ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?" అన్నారు. వెంటనే తన గొంతుతో మర్చిపోయానన్నారు. మళ్లీ నాలాగా, తిండి మర్చిపోతారా అన్నారు. చాలాసేపు సాగింది. ఒకచోట నేను తల అడ్డంగా ఊపాను, నేనలా అనను. దిద్దుకున్నారు.

చివరికి నేనే గెలిచాను. ఆయనే చెప్పారు.