నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు

తమ్ముడూ శ్రీనూ,

పొద్దుటి నుంచి నేనింకా తేరుకోలేదు. నువ్వు పోయి ఏడాదైంది, నీ కారు అమ్ముదామనుకున్నాను. ముందు టైర్లు రెండూ మార్పిద్దామని హనుమకొండ తీసుకుపోతే నీ భార్య స్వప్న కూడా వచ్చింది. నువ్వు ఇంజన్ బలం పెంచుకున్న, నాలుగు చక్రాలూ లాగే ఆ బండిని సవతి అని తిట్టిన మనిషే.

దుకాణంలో ఒక్కసారిగా అంది: "రెండే మారిస్తే గేర్లు ఖరాబైతయ్ బావా. నాలుగూ ఒక్కతీరు ఉండాలె. ఎండల రోడ్డును గట్టిగ పట్టే మెత్త రబ్బరుయి ఇయ్యమను."

"నీకెట్ల తెల్సు?"

"మీ తమ్ముడు అన్నం తినుకుంట ఇంకేం మాట్లాడిండు?"

"అమ్మే బండికి అంత మంచియి ఎందుకు?"

"ఎవలు అమ్ముతాండ్లు? నేనే నడుపుత."

సంచిలోంచి కొత్త లైసెన్సు తీసి చూపించింది. ఎప్పుడు నేర్చుకుందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

టైర్లు బిగించాక ఆనవాయితీగా ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టాను. ఆమె ఇంకో రెండు తెచ్చి వెనక చక్రాల కింద పెట్టింది.

"నాలుగూ లాగే బండి గదా బావా."

ఆమె బండి కదిలించగానే నాలుగూ ఒక్కసారే చిట్లాయి. నేను వెనక కూర్చున్నాను. ఆమె పక్క సీటు ఖాళీగా ఉంచాం.

మీ అన్న