బావ దిగిపోయిన విమానం

మనామా, 1986 జనవరి, శుక్రవారం రాత్రి

బావ బతికే ఉన్నాడు! ఇక్కడి ముహర్రక్ ఎయిర్‌పోర్టులో మెకానిక్ డ్యూటీ వదిలేసి, చెల్లినీ పిల్లల్నీ వెంటబెట్టుకుని న్యూగినీ కొండల్లో క్రైస్తవ మిషన్ విమానాలు బాగుచేయడానికి పోయాడు. దేవుడికి పెట్రోలు దేనికయ్యా అని తిట్టినా వినలేదు. ఈ వారమంతా అతని కబురే లేదు.

సాయంత్రం చెల్లి ఫోను చేసింది. ఓ కొండపల్లెలో నిండు గర్భిణిని ఆసుపత్రికి చేర్చాలి. విమానంలో బరువు ఎక్కువైందని బావ దిగిపోయి ఆమెను ఎక్కించాడట. మబ్బులు కమ్మి విమానం తిరిగి రాలేక ఇవాళ్టిదాకా అక్కడే చిక్కుకుపోయాడట.

"చూశావా! మనిషి కోసం దిగాడు, మతం కోసం కాదు. నేను మొత్తుకునేది అదే!" అని అరిచాను.

"రెండూ ఒకటేనని ఆయన మొత్తుకుంటారు అన్నయ్యా. సరేగానీ, ఏడుస్తున్నావా?"

"లైను బాగాలేదు" అన్నాను.

సోమవారం మళ్ళీ ఎక్కుతాడట, మొండిఘటం. ఆ డొక్కు విమానమే...