మాట పోయాక చెప్పిన పాఠాలు

తెనాలి,
జూలై 2008

ఆదిలక్ష్మక్కా,

గొంతు ఆపరేషన్‌తో నా బడి పాఠాలు ఆగిపోయాయని దిగులుపడుతున్నావుగా, ఇది చదువు. పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పే చిన్న పుస్తకం కంప్యూటర్లో తయారుచేశాను. నెట్ సెంటర్ నడిపే ప్రశాంతి దాన్ని ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టింది. ధర సినిమా టిక్కెట్టంతే. డబ్బు కట్టినవాళ్ళకి మెయిల్లో పంపేస్తాం. మొదట్లో ఎవరూ కొనలేదు. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు కొంటున్నారు.

నిన్న పూనా నుంచి ఒకావిడ రాసింది: "మా పాప వాళ్ళ అమ్మమ్మ పేరు తెలుగులో రాసిందండి. మీరు పక్కనే కూర్చుని చెబుతున్నట్టుంది." ఆ మెయిల్ ప్రశాంతి చేత మళ్ళీ మళ్ళీ పైకి చదివించుకున్నాను. నాకు మాట రాదని ఆవిడకి తెలియదక్కా!

నన్ను బాపట్లలో మీ ఇంటికి తీసుకెళ్ళడానికి బావగారిని పంపకు. నువ్వే వచ్చి నాలుగు రోజులుండు.

నీ చెల్లి