నీలం టేపు

మార్చి 2, సోమవారం

అట్టపెట్టె దొరికింది. దానికోసం ఒకడి పెదవి పగలగొట్టాను.

పెద్ద సైకిళ్ళ షాపువాళ్ళు ఖాళీ పెట్టెల్ని సోమవారం పొద్దున వెనక సందులో పడేస్తారు. ఇవాళ నాకంటే ముందే పాత సామాన్లవాడొకడు వచ్చి పెట్టె మడుస్తున్నాడు. అడిగాను. ఇవ్వనన్నాడు. నా సైకిల్ విమానం ఎక్కాలి అని చెప్పాను. నవ్వాడు. నేనొక చివర పట్టుకున్నాను, వాడొక చివర. మోచేత్తో నా డొక్కలో పొడిచాడు. నేను పిడికిలితో మూతి మీద ఇచ్చాను. నాకు రెండింతలుంటాడు, అయినా వదిలేశాడు. నువ్వెక్కే విమానం కూలిపోవాలని శపించాడు. విమానం మాట వాడితో అన్నది నేనే కాబట్టి తప్పు నాదే.

సైకిళ్ళకి గట్టి పెట్టెలు అమ్ముతారు. వాటి ధర నా టికెట్ కంటే ఎక్కువ. టికెట్ అన్నిటికంటే చవకది. ఒక్క లగేజీ, ఇరవై మూడు కిలోలు. సైకిల్, హెల్మెట్, బూట్లు, బట్టలు, స్పానర్లు అన్నీ ఆ అట్టపెట్టెలోనే. ఇరవై ఒకటిన ప్రయాణం, ఇరవై మూడున సెలెక్షన్. రేసు టీములోకి ఆరుగురు అమ్మాయిల్ని తీసుకుంటారు. జీతం, కోచ్, ఉండడానికి గది. నాకు ఇరవై మూడేళ్ళు. మళ్ళీ ఎవరూ పిలవరు.

అక్క నా వేళ్ళ మీది రక్తం చూసింది. ఎవరిదని అడగలేదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. ఒక మూల చిరిగింది. ఆ చిరుగుకి ఒక చెంపదెబ్బ.

మార్చి 4, బుధవారం

ఈ డైరీ ఎవరూ చదవరు. అక్కకి చదివే ఓపిక లేదు, అమ్మకి కళ్ళజోడు ఎప్పుడూ దొరకదు. కాబట్టి నిజం రాస్తాను.

సైకిల్ అక్కది. ఐదేళ్ళ కిందట రేసులో అక్క వెనకే తొక్కుతూ నా ముందు చక్రాన్ని ఆమె వెనక చక్రానికి తగిలించాను. కావాలని కాదు, తొందర. అక్క పడింది. కుడి మోకాలు నుజ్జయింది. సైకిల్ మీద ఒక గీత పడింది, అంతే. అప్పట్నుంచీ అక్క ఇంటి కింద రిపేరు షాపు నడుపుతోంది. నేను ఆమె సైకిల్ తొక్కుతున్నాను. ఆమె నాకు నేర్పుతుంది. నేర్పడమంటే తిట్టడం, కొట్టడం. పాత ట్యూబుని రెండు మడతలు వేస్తే బెల్టు కంటే గట్టిగా తగులుతుంది. నేనూ ఊరుకోను. కొరుకుతాను, గిన్నెలు విసురుతాను. పైన కుట్టుమిషన్ మీద కర్టెన్లు కుట్టుకునే అమ్మ, ఏదైనా పగిలిన శబ్దం వస్తేనే కిందికి దిగుతుంది.

షాపులో ఒకటే రూలు. సీటు గొట్టం మీద నీలం టేపు చుట్టి ఉంటుంది. అది అక్క సీటు ఎత్తు. దాన్ని కదపకూడదు. కదిపితే చెయ్యి విరుస్తానంది. ఇంతకంటే పైకి లేపొద్దని గొట్టం మీద కంపెనీవాళ్ళు కొట్టిన గీత సరిగ్గా ఆ టేపు కిందే ఉంటుంది. అక్క కాళ్ళు అంత పొడుగు. ఇంట్లో నా పేరే పొట్టి. ప్యాడల్ కిందికి వెళ్ళినప్పుడల్లా నడుం పక్కకి జారుతుంది. తొడల దగ్గర చర్మం లేచిపోయి రక్తం వస్తుంది. అక్కతో చెబితే, పొడుగవ్వు అంది. అప్పటికి నాకు ఇరవై ఒకటి.

అందుకే రెండేళ్ళుగా దొంగతనం చేస్తున్నాను. ఊరు దాటాక టేపు పీకేస్తాను. సీటు ఇరవై రెండు మిల్లీమీటర్లు దించుతాను. తిరిగొచ్చేముందు లేపి, జేబులో ఉన్న చుట్ట తీసి కొత్త టేపు చుడతాను. నన్ను సెలెక్షన్‌కి పిలిపించిన టైము నా ఎత్తులో తొక్కినదే. ఆ రోజు షాపు మూయలేక అక్క రాలేదు. షాపుకొచ్చిన ప్రతివాడికీ మాత్రం ఆ టేపు మహిమ వర్ణిస్తుంది. నేను తల ఊపుతాను. తేలు కుట్టిన దొంగ బతుకు.

మార్చి 7

పెట్టెలో పెట్టడానికి విప్పుతుంటే ఎడం ప్యాడల్ ఊడి రాలేదు.

మార్చి 8, ఆదివారం

ఎడం ప్యాడల్ మర తిరగబడి ఉంటుంది. కుడికి తిప్పితే వదులవుతుంది. అది తెలియక ఇంకా బిగించుకుని మా దగ్గరికి తెచ్చేవాళ్ళని చూసి నవ్వుకుంటాం. తెలిసిన మాకే ఇవాళ చుక్కలు కనబడ్డాయి. ఐదేళ్ళుగా ఎవరూ విప్పలేదు. స్పానర్‌కి ఇనపగొట్టం తొడిగి ఇద్దరం వేలాడాం. అక్క నన్ను తిట్టింది, ప్యాడల్‌ని తిట్టింది, ప్యాడల్ కనిపెట్టినవాణ్ణి తిట్టింది. ఒక్కసారిగా వదిలింది. నా పిడికిలి వెళ్ళి చైను చక్రం పళ్ళ మీద పడింది. మూడు వేళ్ళు చీరుకుపోయాయి. ఒకదాంట్లో ఎముక తెల్లగా కనబడింది.

అక్క స్పిరిట్ పోసింది. అరిచాను. అరిచినందుకు నెత్తి మీద మొట్టింది. తర్వాత గుడ్డ కట్టింది, వేళ్ళు నీలంగా మారేంత బిగువుగా. మెల్లగా చేయడం ఆమెకి రాదు. నాకూ రాదు. అమ్మ పైనుంచి, మిషన్ ఆపకుండానే, ఇద్దరూ బతికే ఉన్నారా అని అడిగింది.

మార్చి 11, బుధవారం, మధ్యాహ్నం 1

ఆసుపత్రి బెంచీ మీద రాస్తున్నాను. లోపల అక్క ఉంది.

సీటు గొట్టం బయటికి తీసి తుడుస్తోంది అక్క. పెట్టెలో పెట్టేముందు ప్రతి ముక్కా తుడవాలంటుంది. టేపు అంచు గోటితో గీకింది. ఐదేళ్ళ టేపు ఎండి పెళుసుబారి ఉండాలి. ఇది మెత్తగా, జిగటగా, తొక్కలా ఊడి వచ్చింది. గొట్టాన్ని వెలుతురులోకి తిప్పింది. టేపు ఉండే చోట బిగింపు మచ్చ ఒకటి. దానికి రెండు వేళ్ళ పైన ఇంకోటి, కొత్తది, తళతళలాడుతూ.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

"వాళ్ళకి పంపిన టైము?"

"అది కూడా."

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. నిజం చెప్పాలనే అనిపించింది. ఆమె మొహం చూడాలనిపించింది. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

ట్యూబు తీసుకుంది. మొదటి దెబ్బ మెడ మీద, రెండోది చెవి మీద. చెవిలో గుయ్యిమంది. మూడోది కట్టుకట్టిన వేళ్ళ మీద. కళ్ళు బైర్లు కమ్మాయి. "నా మోకాలు తీసుకుంది చాలక ఇది కూడానా," అంటూ కొట్టింది. లెక్కపెట్టడం మానేశాను. నేల మీద చెయ్యి వెతుక్కుంటే ప్యాడల్ స్పానర్ తగిలింది. మూరెడు ఇనుము. లేచి కొట్టాను. తల కాచుకోడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టింది. చిటుక్కుమంది. ఎండుపుల్ల విరిచినట్టు.

అక్క చేతిని చూసుకుంది. మణికట్టు దగ్గర చెయ్యి రెండోవైపు తిరిగి ఉంది. ఆ చేత్తోనే మేం ముగ్గురం తింటున్నాం.

అమ్మ కిందికి దిగింది. ఏమీ పగల్లేదు, అయినా దిగింది.

సాయంత్రం 6

మోచేతి దాకా ప్లాస్టరు. రెండు ఎముకలు. ఆరు వారాలు. ఎలా జరిగిందని డాక్టరు అడిగితే, మెట్ల మీద జారాను అంది అక్క. డాక్టరు నా మెడ మీది వాతలు చూశాడు. నువ్వూ మెట్ల మీదేనా అని అడిగాడు. అవునన్నాను.

దారంతా అమ్మ ఒక్కటే మాట అంది. "ఒకే కడుపులో మోశాను ఇద్దర్నీ. ఒకే ఇంట్లో మోయలేకపోతున్నాను."

మార్చి 12

అక్క మాట్లాడలేదు. కొట్టలేదు కూడా. భయంగా ఉంది.

మార్చి 14, శనివారం

షాపు నేనే తెరిచాను. పేపర్లు వేసేవాడు బ్రేకులు బాగుచేయించుకోడానికి వచ్చాడు. మీ అక్కని రెండోసారి కూడా పడేశావటగా అని పళ్ళికిలించాడు. వాడి సైకిల్ ఎత్తి రోడ్డు మీదికి విసిరాను. చాలక, వెళ్ళి చక్రం ఊచల మీద ఎక్కి తొక్కాను. పేపర్లన్నీ గాలికి లేచాయి. వాడు ఆ కాసేపూ గోడకి అతుక్కుని నిలబడ్డాడు. తర్వాత మధ్యాహ్నం మొత్తం కూర్చుని ఆ చక్రం నేనే బాగుచేశాను, ఊరికే. కొరివితో తల గోక్కున్నట్టయింది.

సాయంత్రం పైకెళ్ళి అమ్మతో చెప్పేశాను, నేను వెళ్ళను అని. ఆరు వారాలు షాపు ఎవరు చూస్తారు, అక్కకి అన్నం ఎవరు కలిపి పెడతారు. చేసిన పాపానికి ఇదే శిక్ష అనుకుంటానన్నాను. అమ్మ జీవితంలో నన్నెప్పుడూ కొట్టలేదు. ఇవాళ కొట్టింది, అరచేత్తో, మొహం మీద. కుట్టుకోడానికి వేలికి తొడుక్కున్న అంగుస్తాను పెదవికి తగిలి తెగింది.

"దాని చెయ్యి విరిచింది చాలక, ఈ ప్రయాణం కూడా విరుస్తావా?"

అక్క పక్కగదిలోనే ఉంది. తలుపు తెరిచే ఉంది.

మార్చి 17, మంగళవారం

పొద్దున అక్క దిగి వచ్చి అట్టపెట్టెని కాలితో నా వైపు తన్నింది. ప్యాక్ చెయ్యాలని అర్థం.

చేశాం. నావి రెండు చేతులు, ఆమెది ఒకటి. ముందు చక్రం తీశాను. ఆ చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్ళు లోపలికి వంగకుండా మధ్యలో చెక్కముక్క బిగించాలి. టైర్లలో గాలి తీశాను. హ్యాండిల్ విప్పి చట్రానికి పక్కగా కట్టాను. చట్రం చుట్టూ పాత ట్యూబులు చుట్టాం. వాటిల్లో నన్ను కొట్టినదీ ఉంది. గుర్తుపట్టాను. అమ్మ కర్టెన్ గుడ్డ పీలికలు బుట్టెడు తెచ్చి పోసింది. గేర్ల దగ్గర నా బట్టలు కుక్కాం. నేను తప్పు చేసినప్పుడల్లా అక్క మాట్లాడకుండా ఎడంచేత్తో మరలు తిప్పే అలెన్ కీ తీసుకుని నా మణికట్టు ఎముక మీద కొట్టింది. సరిగ్గా ఆ ఎముక మీదే.

పెట్టె పట్టుకుని బరువు మిషన్ ఎక్కాను. నా బరువు తీసేస్తే ఇరవై నాలుగు కిలోల ఆరువందలు. రెండు ప్యాంట్లు, రెండు స్వెట్టర్లు, తువ్వాలు బయటికి. అవి ఒంటి మీద వేసుకుంటాను. ప్యాడల్ స్పానర్ కూడా బయటికి. దాన్ని ఇద్దరం కాసేపు చూశాం.

సీటూ గొట్టమూ తనే పెడతానని సైగ చేసి నన్ను షాపులోకి తోలింది. వెనక గదిలోంచి అరగంట సేపు గరగరమని రంపం శబ్దం. ఫోర్కు చెక్క సరిపోలేదేమో అనుకున్నాను. తిరిగి వెళ్ళేసరికి పెట్టె మూసేసి ఏడు చుట్లు టేపు వేసి ఉంది. దాని మీద అక్క కూర్చుని ఉంది. చెమటలు కారుతున్నాయి. ఇరవై రెండు కిలోల తొమ్మిదివందలు.

మార్చి 21, ఉదయం 5:40

మూడు ప్యాంట్లు, మూడు స్వెట్టర్లు. మూటలా ఉన్నాను. కౌంటర్ దగ్గర మిషన్ ఇరవై మూడు సున్నా చూపించింది. ఊపిరి వదిలితే ఎక్కడ పెరుగుతుందోనని బిగబట్టుకున్నాను. ఒక సెక్యూరిటీవాడు పెట్టె తెరవాలన్నాడు. కత్తితో టేపు కోసి మోచేతుల దాకా లోపలికి దూర్చి కెలికాడు. వాడి మెడ పట్టుకోవాలని వేళ్ళు లాగాయి. జేబుల్లో పెట్టుకున్నాను. తర్వాత అద్దంలోంచి చూస్తుండగానే ఇద్దరు పెట్టెని ఎత్తి బస్తాలా విసిరారు.

బయల్దేరేటప్పుడు అక్క ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఎడంచేత్తో వీపు మీద ఒక్కటి చరిచింది, ఊపిరి ఆగేలా. దెబ్బో దీవెనో తెలియలేదు.

మార్చి 22, ఆదివారం, మధ్యాహ్నం 3

గది చేరాను. పెట్టె విప్పాను. ఫోర్కు బాగుంది, చక్రాలు బాగున్నాయి. సీటు గొట్టం కర్టెన్ గుడ్డలో చుట్టి ఉంది. విప్పితే, గొట్టం అడుగు కోసేసి ఉంది. ఇనుము కోసే హ్యాక్సాతో. వంకరటింకరగా.

ఇదా నీ ప్రేమ అని అరిచాను. పెట్టెని తన్నాను, గోడని తన్నాను, కాలి గోరు లేచిపోయింది. పక్క గదివాళ్ళు తలుపు కొట్టారు. ఇంటికి ఫోన్ చేసి అమ్మ మీద విరుచుకుపడ్డాను. నీ పెద్దకూతురు నా గొంతు కోసింది, అది మనిషి కాదు, ఆ రెండో చెయ్యి కూడా విరిచి రావాల్సింది అన్నాను. అన్నీ అన్నాను. అమ్మ అంతా విన్నది.

"కళ్ళు పెట్టి చూసి, అప్పుడు తిట్టు. గొట్టం పట్టుకున్నది నేనే."

పెట్టేసింది.

సాయంత్రం 5

చూశాను.

నీలం టేపు లేదు. జిగురు కూడా లేకుండా తుడిచి ఉంది. కంపెనీవాళ్ళ గీతని ఆకురాయితో రాకి చెరిపేసి ఉంది. దానికి కొంచెం పైన కొత్త గీత. ఎడంచేత్తో గీసింది, వణికింది. రెండింటి మధ్యా స్కేలు పెట్టాను. ఇరవై రెండు మిల్లీమీటర్లు. నేనెప్పుడూ ఆమెకి ఆ లెక్క చెప్పలేదు. మచ్చ చూసి కొలిచి ఉంటుంది.

అడుగున కోసింది కూడా అంతే. ఇప్పుడు ఈ సీటుని అక్క ఎత్తుకి లేపితే లోపల గొట్టం చాలదు, ఊగి ఊడిపోతుంది. నా ఎత్తులోనే నిలబడుతుంది. ఇక ఈ సైకిల్ అక్క ఎప్పటికీ ఎక్కలేదు. ఆ మోకాలితో ఎలాగూ ఎక్కలేదు, కానీ ఐదేళ్ళుగా సీటు ఆమె కోసం అక్కడే ఎదురుచూసింది.

కోసిన అంచు మీద వేలు పెట్టి చూశాను. పైపైన వంకరే, కానీ ఎక్కడా గుచ్చుకోలేదు. ఒంటిచేత్తో కోసి, నా వేలు తెగకుండా చుట్టూ ఆకురాయి పట్టింది. నేల మీద కూర్చుని ఏడ్చాను. కొట్టినప్పుడు ఒక్కరోజు కూడా ఇంత ఏడవలేదు.

గీత దాకా దించి బిగించాను.

మార్చి 24

తీసుకున్నారు. ఆరో పేరు నాది.

కోసిన ముక్క పారేశారా అని అమ్మని అడిగాను. లేదట. అక్క దాన్ని ప్లాస్టరు మీద నీలం టేపుతో చుట్టుకుని షాపులో కూర్చుంటోందట. చెయ్యి ఎలా విరిగిందని ఎవరైనా అడిగితే, మెట్ల మీద జారానని చెబుతోందట.