నాలుగు ముక్కల కూత

పిట్టల పిచ్చిదానా,

నీ మూడు ఉత్తరాలకీ కలిపి ఒకటే జవాబు. ఆలస్యానికి తిట్టుకో, పడతాను. బేరాల మధ్యలో టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకో. ఫోను ఎత్తడం లేదని అలిగావు సరే, ఆ కోకిలల లెక్క మాత్రం మీ పిట్టల సంఘానికి ఇంకా పంపకు. ముందు ఇది చదువు.

ఆ రెండు బూడిద కోకిలలూ అక్కచెల్లెళ్లలా ఉంటాయని నువ్వే చెప్పావు. ఒకటి రెండు ముక్కల్లో కూస్తుంది, రెండోది నాలుగు ముక్కల్లో. "చూసి పోల్చడం నీ వల్ల కాదులే, చెవి పెట్టు చాలు" అన్నావు. నువ్వు ఊరు మారాక నేనొక్కదాన్నే రోజూ కొట్టు తెరిచేముందు వెనక తోటలో నిలబడి, విన్నది విన్నట్టు రాసి పంపాను. మూడేళ్లుగా అన్నీ రెండు ముక్కల కూతలే. అందుకే నాలుగు ముక్కలది ఇటు రావడం మానేసిందని రాయబోతున్నావు.

మానలేదే. వస్తూనే ఉంది.

మొన్న పొద్దున అది బట్టలారేసే తీగ మీదే వాలింది. తోక చివర వెడల్పాటి నల్ల పట్టీ, ముదురు రంగు కళ్లు, అచ్చం నువ్వు గీసి పంపిన బొమ్మ. గొంతు నాలుగుసార్లు ఉబ్బింది. నాకు రెండే వినిపించాయి. అది మళ్లీ కూసింది, నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. మళ్లీ అంతే.

పోయిన నెల టైలరు పొట్లం నా ముందు పడేశాడు. "ఏంటక్కా, తెల్ల బొత్తాలంటే నల్లవి కట్టావు?"

"నోట్లో నోట్లో సణిగితే అంతే. గట్టిగా అడగాలి."

"అరిచే అడిగా. పక్కన చెప్పుల కొట్టాయన కూడా లేచొచ్చాడు, గొడవేమో అని."

నవ్వేసి బొత్తాలు మార్చిచ్చాను. కానీ నా చెవుల సంగతి నాకు రెండేళ్లుగా తెలుసే. రోజుకి ముప్పైమంది వస్తారు, పెదాలు చూసి సరుకు తీసిస్తాను. సాయంత్రం షట్టరు దించేసరికి ఒక్కరితోనైనా మాట్లాడినట్టుండదు. ఫోనులో నీ మాటైతే చిల్లుల జల్లెడే. నువ్వు ఆగిన చోటల్లా "బాగుంది, బాగుంది" అనేదాన్ని. మీ అమ్మ పోయిందని నువ్వు చెప్పిన రోజు కూడా అదే అన్నాను. నువ్వు ఫోను పెట్టేశావు. మర్నాడు మీ చెల్లి మెసేజీ చూస్తే తెలిసింది. ఆ తర్వాత నీ ఫోను ఎత్తడానికి నాకు మొహం చెల్లలేదు. చెవుడని చెప్పుకోవడం కన్నా పొగరుబోతుదాన్ననిపించుకోవడమే నయమనుకున్నాను, చూడు నా తెలివి. అయినా నువ్వు రాస్తూనే ఉన్నావు.

నేను పంపిన మూడేళ్ల లెక్కా కొట్టెయ్. ఎందుకని సంఘంవాళ్లడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, నాకేం నామోషీ లేదు. చెవి డాక్టరు మిషను పెట్టుకోమన్నాడు, వచ్చే వారం కొలతకి వెళ్తున్నాను. మీ అమ్మ సంగతి నాకు మొదటినుంచీ చెప్పవే, ఎదురుగా కూర్చుని, తొందరపడకుండా. కొట్టు ఒక రోజు మూసేస్తాను, రెండు రోజులైనా సరే. ఎప్పుడొస్తావు?

నీ
బొత్తాల కొట్టుది