కింది వరుసలో సమాధులు లేవని నేను చెప్పలేదు

దండుపేట మండల తహసీల్దారు గారికి,

అయ్యా,

విషయం: కోట కింద సిపాయిల సమాధుల మీద కార్లు ఆపే స్థలం కట్టొద్దని, సమాధులు లేవని నేను చెప్పినట్టు రాసిన అబద్ధం కొట్టెయ్యమని.

దండుపేటలో కాపురముంటున్న కృపానిధి భార్య సుహాసిని రాసుకొను అర్జీ ఏమనగా:

1. కోట దగ్గర కంపెనీ పటాలానికీ జమీందారు మనుషులకూ యుద్ధం జరిగినప్పుడు, పటాలంలో చనిపోయినవాళ్లను కోట కిందే పాతిపెట్టారు. పై వరుసలో దొరలు పంతొమ్మిది మంది. వాళ్లకు చెక్కిన రాళ్లున్నాయి. కింది వరుసలో ఈ ఊళ్ల నుంచి పటాలంలో చేరిన సిపాయిలు. వాళ్లకు వంశధార నుంచి తెచ్చిన గుండ్రాళ్లు ముప్పై ఒకటి, వాటి మీద అక్షరం లేదు. మా మావగారు ఎలీషా బతికున్నన్నాళ్లూ అక్కడ గడ్డి కోసేవారు. "ముందు కోటెక్కినోడికి అచ్చరం లేదు, ఎనకాల గుర్రమ్మీదున్నోడికి రాయి సెక్కించినారు" అనేవారు. ఈస్టరుకు మావాళ్ల సమాధులకు సున్నం వేసేటప్పుడు ఆ రాళ్లకూ వేసేవారు. వేసే చుట్టాలు వాళ్లకు ఎవరూ లేరు గనక.

2. మా క్రైస్తవపేటలో పసిపిల్లలకు వేరే శ్మశానం లేదు. మిషను దొరల కాలం నుంచి వాళ్లను ఆ సిపాయిల పక్కనే పెడుతున్నాం. నా కూతురు అక్కడే ఉంది. మీరు కార్లు పెట్టించబోయేది దాని మీద.

3. మాఘమాసంలో మీ సర్వేయరు తిరుమలరావు గారు వచ్చారు. మా ఆయన ఆమదాలవలస మిల్లులో బస్తాలు మొయ్యడానికి వెళ్లారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. కొత్త మగవాళ్లతో మాట్లాడడం నాకు అలవాటు లేదు. "ఏటమ్మా, కిందన గోరీలున్నాయా?" అని మూడుసార్లు అడిగారు. పాపను పెట్టి అప్పటికి పద్దెనిమిది రోజులు. గోరీ అన్న మాటకు నా నోరు పెగల్లేదు. ఆయన కొలత గొలుసు పట్టుకున్న మనిషితో "ఉంటే సెప్పదేటి? లేవని రాసీ" అని వెళ్లిపోయారు. కిందటి ఈస్టరుకు మేం వేసిన సున్నం వానలకు పోయింది గానీ, దిగి చూస్తే రాళ్లు కనిపించేవి. ముళ్లు గుచ్చుకుంటాయని ఆయన దిగలేదు.

4. కార్లు ఆపే స్థలం కడతామని మీరు పంపిన కాగితంలో "విచారించగా సమాధులు లేవని స్థానిక మహిళ తెలిపినది" అని ఉంది. నేను ఐదో తరగతి వరకే చదివాను. అయినా ఆ ముక్క నేనే ఇంట్లో చదివి వినిపించాను.

"మా దగ్గర నోరు మెదపవు, సర్కారోడికి మాత్రం సాచ్చెం సెప్పీసినావేటే?" అంది మా అత్త.

"నేనేటీ అన్లేదత్తా."

"అన్లేదు గనకే ఆడికి నచ్చినట్టు రాసుకున్నాడు."

ఆ రోజు నుంచి మా ఆయన నాతో మాట్లాడరు. అన్నం తిని లేచిపోతారు.

5. దొరలకు కంచె, గేటు, తాళం, బోర్డు పెట్టారు. బోర్డు మీద పంతొమ్మిది మందే చనిపోయారని రాశారు. పై దేశం వాళ్లు చూడ్డానికి వస్తే తమరే దండ వేసి ఫోటో దిగారు. దండ వేసిన చోటికి కింది వరుస పదడుగుల దూరం. తమరికీ కనిపించలేదు. తమరేమీ తలుపు వెనక లేరు కదా.

కాబట్టి నేను చెప్పానన్న ముక్క కొట్టేసి పక్కన సంతకం పెట్టండి. బోర్డు మీద ముప్పై ఒక్కరినీ కలపండి. ఈసారి ఈస్టరు దాకా నేను ఆగలేదు. నిన్న కింది రాళ్లన్నిటికీ సున్నం వేశాను, పాప మీది చిన్న రాయితో సహా. తిరుమలరావు గారిని మళ్లీ పంపండి. నేను తలుపు వెనక ఉండను, ఆ రాళ్ల దగ్గరే ఉంటాను. మట్టి తవ్వే యంత్రాన్ని ముందు పంపినా అక్కడే ఉంటాను. ఈసారి మూడుసార్లు అడగక్కర్లేదు.

చివర చిత్తగించవలెనని రాయాలట. చిత్తగిస్తే చాలదు, దిగి వచ్చి చూడవలెను.

తమ విధేయురాలు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

పి. సుహాసిని

మరిచిపోయి మళ్లీ రాస్తున్నది: మీ ఆఫీసు ఫారంలో "చనిపోయినవారి పేరు" అని ఒక గడి ఉంది. సిపాయిల పేర్లు నాకు తెలియవు. పాప పేరు పెట్టకముందే పోయింది. ఆ గడిలో ఏమీ రాయలేదు. ఏమీ రాయలేదు గనక వాళ్లు లేరని రాసుకోకండి.