మేలో కాదు, సెప్టెంబరులో

ధర్మపురి, ఆదివారం.

అమ్మకు సత్య నమస్కారం. నేను బాగున్నాను. ఫోనులో చెబితే మధ్యలోనే పెట్టేస్తావు, కార్డయితే తాత చివరిదాకా చదివి వినిపిస్తాడని రాస్తున్నాను.

మంగళవారం మన పక్కింటి అంజలై అత్త పెద్దాసుపత్రికి వచ్చి, అట్లే నన్ను చూడటానికి ఆఫీసుకు వచ్చింది. "మీ అమ్మ మోకాలు వాచిపోయుండాది పాపా. 'సత్య మే నెలలో ఆడిటర్ పరీక్ష రాసేస్తాది, అంతవరకే ఈ పని' అని సిమెంటు చట్టి మోస్తానే ఉండాది" అనింది. ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు.

ఆ మాట మా ఆఫీసు ఆడిటరమ్మకు చెప్పాను. ఆమె నేను రాసిన నమూనా పేపర్లు తిరగేసి, "మేలో రాస్తే రెండు పేపర్లు పోతాయి. సెప్టెంబరులో అయితే పాసవుతావు. ఎవరికి తొందర, నీకా, మీ అమ్మకా?" అని అడిగారు. నాకే అన్నాను. నీ తల మీది చట్టి దింపాలని తొందర.

ఇప్పుడు నిమ్మళంగా ఆలోచించుకున్నాను. ఫైనల్ సెప్టెంబరులోనే రాస్తాను. నీవు మాత్రం నా పరీక్ష కోసం కాచుకోవద్దు, ఈ కార్డు అందిన రోజే పని మానేయి. నాకొచ్చే జీతం కొంచెమే అయినా ఇంటికి చాలుతుంది.

ఎర్రావు ఈనిందా? కోడెనా, పెయ్యా? తాత కంట్లో మందు తప్పకుండా వేయి. నా నీలం స్వెట్టరు ఎండలో వేసి పెట్టు.

శుక్రవారం సెలవు పెట్టాను. గురువారం సాయంత్రం బస్సుకు వచ్చి, తెల్లారి నిన్ను ఆసుపత్రికి నేనే పిలుచుకొని పోతాను. తాతకు, నీకు దండాలు.

నీ బిడ్డ
సత్య